బంగారు తీగకి ఇంట్లోనే ఎర: పిండి కలపడం నుంచి పులుసు దాకా

మన దగ్గర చెరువు కట్ట మీద గాలం వేసే వాళ్ళని ఎవర్నడిగినా కొర్రమీను కావాలంటారు, అది దొరక్కపోతే రవ్వ, బొచ్చె అంటారు, బంగారు తీగ (ఇంగ్లీషులో కామన్ కార్ప్) పడిందంటే మాత్రం "అబ్బా ఇదా" అని మొహం మాడ్చుకుంటారు. నాకైతే ఈ చేప మీద చాలా గౌరవం. చెరువులో ఇంత జాగ్రత్తగా తినే చేప ఇంకోటి లేదనిపిస్తుంది. పైగా దీన్ని పట్టడానికి దుకాణంలో డబ్బాలు కొనక్కర్లేదు, వంటింట్లో ఉన్నవాటితోనే మంచి ఎర తయారవుతుంది. కొంచెం ఓపిక ఉంటే చాలు.

ముందు అది ఎలా తింటుందో తెలియాలి, అది తెలియకుండా ఎన్ని పిండ్లు కలిపినా లాభం లేదు. బంగారు తీగకి దవడల్లో పళ్ళుండవు, ఉన్న పళ్ళు గొంతులో ఉంటాయి, నోరు ముందుకు చాపి అడుగున ఉన్నదాన్ని పీల్చుకుంటుంది, నచ్చకపోతే వెంటనే ఊదేస్తుంది. నోటి పక్కన చిన్న మీసాలుంటాయి కదా, బురదలో వాటితో తడిమి రుచి చూసుకుంటుంది. కడుపు సంచి లేని చేప కాబట్టి ఒక్కసారి పొట్ట నింపుకుని కూర్చోదు, కొంచెం కొంచెంగా తింటూ తిరుగుతూనే ఉంటుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పైనీళ్ళలో తింటుంది, రవ్వ మధ్యలో, మ్రిగాల, బంగారు తీగ అడుగున. అందుకే బెండు కట్టి ఎరని మూరెడు లోతులో వేలాడదీసి బంగారు తీగ కోసం ఎదురుచూస్తే రోజంతా ఉత్తదే, ఎర నేలకి తగలాలి.

ఇక పిండి సంగతి. రెండు గ్లాసుల గోధుమపిండి, ఒక గ్లాసు పల్లీ చెక్క పొడి, ఒక గ్లాసు తవుడు, అర గ్లాసు బొంబాయి రవ్వ తీసుకోండి. పల్లీ చెక్క అంటే నూనె తీశాక మిగిలే పిప్పి, పశువుల దాణా అమ్మే చోట దొరుకుతుంది, కొంచెం వేయించి దంచితే వాసన బాగా లేస్తుంది, బూజు పట్టిన చెక్క మాత్రం వద్దు. గోరువెచ్చని నీళ్ళలో నిమ్మకాయంత బెల్లం కరిగించి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు మెత్తగా నూరి అందులో కలిపి, ఆ నీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ చపాతీ పిండి కంటే గట్టిగా కలపాలి. తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయండి, తవుడు నీళ్ళు పీల్చుకున్నాక పిండి తీరు మారుతుంది, అప్పుడే తెలుస్తుంది ఇంకా నీళ్ళు కావాలో పిండి కావాలో.

పిండి సరిగ్గా కుదిరిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు, చాలామంది ఈ పని చేయరు. గాజు గ్లాసులో నీళ్ళు పోసి గోలీకాయంత ఉండ వేసి పదిహేను నిమిషాలు చూడండి. మంచి ఉండ చుట్టూ నీళ్ళు పల్చగా మబ్బు కడతాయి, తవుడు పొట్టు ఒక్కొక్కటే లేచి పైకి పోతుంది, అంచులు కరుగుతాయి గానీ నడిమధ్య గట్టిగానే ఉంటుంది. రెండు నిమిషాలకే విచ్చుకుని కిందపడితే గోధుమపిండి పెంచాలి, పదిహేను నిమిషాలైనా రాయిలాగా ఉందంటే తవుడు పెంచాలి. నీళ్ళలో ఆ మబ్బే చేపని పిలుస్తుంది, ఉండ గాలానికి నిలబడితేనే చేప మనకి దొరుకుతుంది, రెండూ కుదరాలి.

వాసన గురించి ఒక్కొక్కరిది ఒక్కో నమ్మకం. ఇంగువ వేసేవాళ్ళున్నారు, మెంతిపొడి, వాము, సోంపు, వెనిలా ఎసెన్స్, అన్నీ చూశాను నేను. నా మాట వింటే ఒక పిండికి ఒకే వాసన పెట్టండి, అదీ చిటికెడే. ఇంగువ ఎక్కువైతే చేప దగ్గరికొచ్చి కూడా నోట పెట్టదు. ఇంకోటి, బండికి పెట్రోల్ కొట్టించుకుని అదే చేత్తో పిండి పిసకొద్దు, సిగరెట్ చెయ్యి కూడా వద్దు, చెరువు మట్టితో చేతులు రుద్ది కడుక్కుని అప్పుడు పిండి ముట్టుకోండి.

పరకలనే చిన్న చేపలు ఎక్కువున్న చెరువులో మెత్తటి పిండి ఐదు నిమిషాలు ఆగదు, పొడుచుకు తినేస్తాయి. అక్కడ ఉడికించిన ఉండలు కావాలి. పై పిండిలోనే తవుడు తీసేసి, ఆ నీళ్ళ బదులు రెండు కోడిగుడ్లు కొట్టి, బెల్లం వెల్లుల్లి నూరి కలిపి, గోలీలంత ఉండలు చేసి మరుగుతున్న నీళ్ళలో వేయండి, పైకి తేలాక ఇంకో నిమిషం ఉంచి తీసి గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. గుడ్డు వల్ల పైన తోలు కడుతుంది, చిన్న చేపలు కొరకలేవు, పెద్ద చేప గుటుక్కున మింగుతుంది. ఇంగ్లండ్ లో వీటినే బాయిలీలు అంటారు, రంగురంగుల ప్యాకెట్లలో అమ్ముతారు, మూలం మాత్రం ఇదే పిండీ గుడ్డూ. పిండి పిసికే తీరిక లేదంటే మొక్కజొన్న గింజలు చాలు, ఒక రోజంతా నానబెట్టి, గోరుతో నొక్కితే దిగేదాకా ఉడకబెట్టి, ఆ నీళ్ళలోనే ఇంకో రోజు వదిలేస్తే కొంచెం పులిసి జిగురొస్తుంది, అదే బాగా పనిచేస్తుంది. ఉడకని ఎండు గింజలు మాత్రం చెరువులో చల్లొద్దు, తిన్న తర్వాత లోపల ఉబ్బుతాయి, చేపకి ప్రమాదం.

చోటు ఎంచుకోవడం సగం పని. గాలి ఏ గట్టు వైపు కొడుతుందో అటు చూడండి, తిండి అంతా అటే కొట్టుకొస్తుంది. తామర, నాచు అంచున, తూము దగ్గరి లోతులో, వానల్లో కొత్తనీళ్ళు దిగే వాగు నోటి దగ్గర ఇవి తిరుగుతాయి. పొద్దున్నే నీళ్ళ మీద సన్నటి బుడగలు గుంపుగా లేచి, కొంచెం జరిగి మళ్ళీ లేస్తుంటే, పక్కన నీళ్ళు ఎర్రగా కలకబారితే అక్కడ అది బురద తవ్వుతుందని అర్థం. ముందురోజు సాయంత్రం తవుడు, చెక్క, చెరువు మట్టి కలిపి నారింజకాయంత ముద్దలు నాలుగైదు అదే చోట వేయండి. బస్తాలకొద్దీ పోయొద్దు, తినకుండా మిగిలింది కుళ్ళి నీళ్ళు పాడవుతాయి, అయినా కడుపు నిండిన చేప మీ గాలం దగ్గరికి ఎందుకొస్తుంది. చలికాలంలో, డిసెంబర్ జనవరి తెల్లవారుజామున, దానికి ఆకలి తక్కువ, అప్పుడు చిన్న ఉండ, తక్కువ మేత, ఎండెక్కాక కూర్చోవడం మేలు.

గాలానికి గుచ్చే తీరు కూడా చెప్తాను. మెత్తటి పిండి అయితే గాలం మొన కనపడేటట్టు చుట్టూ అద్దాలి. ఉడికించిన ఉండ, మొక్కజొన్న అయితే గాలం వెనక అరంగుళం సన్న దారం వదిలి దానికి గుచ్చండి, గాలం ఖాళీగా ఉంటుంది, చేప ఉండని పీల్చి అనుమానమొచ్చి ఊదేసినప్పుడు ఆ ఖాళీ గాలం కింది పెదవికి పట్టుకుంటుంది. 1980 ప్రాంతంలో ఇంగ్లండ్ కార్ప్ వేటగాళ్ళు తెచ్చిన పద్ధతి ఇది, గాలం లోపలికి పోదు కాబట్టి చేపకి గాయం తక్కువ. మన దగ్గర స్ప్రింగ్ కి పిండి ముద్ద అద్ది చుట్టూ నాలుగైదు గాలాలు వేలాడదీస్తారు, పడతాయి నిజమే, కానీ ఒకటి నోట్లో దిగితే ఇంకోటి కంట్లోనో పొట్టలోనో గుచ్చుకుంటుంది, చేపని వదలాలనుకునే వాళ్ళు దాని జోలికి పోవద్దు. రీల్ డ్రాగ్, అంటే లైను జారకుండా ఆపే బిగింపు, వదులుగా పెట్టుకోండి. ముందు లైను చిన్నగా రెండుసార్లు వణుకుతుంది, అప్పుడు లాగొద్దు, తర్వాత ఒక్కసారిగా బిగుసుకుని లోతుకి ఉరుకుతుంది, రాడ్డు కట్టేసి లేకపోతే రాడ్డుతో సహా పోతుంది.

అన్నిటికంటే ముందు అడిగి వేయండి. ఊరి చెరువులో చేప మత్స్య సహకార సంఘం వాళ్ళది, తెలంగాణలో 2016 నుంచి సర్కారు ఇచ్చే ఉచిత చేపపిల్లలు వాళ్ళ బతుకు కోసం వదిలినవి. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు ఏడాదంతా ఎదురుచూసే పంట అది. ఒక్క మాట అడిగితే చాలాసార్లు వాళ్ళే మంచి చోటు చూపిస్తారు.

ఈ చేపని చూసే తీరు మాత్రం దేశానికో రకం. చెక్ దేశంలో క్రిస్మస్ ముందు రాత్రి దీన్ని వేయించుకుని తింటారు, పొలుసు ఒకటి పర్సులో పెట్టుకుంటే డబ్బు నిలుస్తుందని నమ్మకం. ఇంగ్లండ్ లో పట్టి, తూకం వేసి, ఫోటో తీసి వదిలేస్తారు, 1952లో రిచర్డ్ వాకర్ పట్టిన 44 పౌండ్ల చేపని లండన్ జూ అక్వేరియంలో పెట్టారు. అమెరికాలో 1877లో సర్కారే జర్మనీ నుంచి తెప్పించి పంచింది, ఇప్పుడు అక్కడ చాలామంది చెత్త చేప అంటారు, అడుగు తవ్వి నీళ్ళు కలకబెడుతుందని కోపం. ఆస్ట్రేలియాలో దీన్ని చీడగా చూస్తారు, కొన్ని రాష్ట్రాల్లో పట్టాక బతికున్నదాన్ని తిరిగి వదలడం నేరం, అక్కడున్న మనవాళ్ళు లైసెన్సుతో పాటు ఆ రూల్ కూడా చదువుకోవాలి.

మన దగ్గర సంగతి వేరు. నేను ఒక పెద్ద చేపని తిరిగి వదులుతుంటే పక్కన వల బాగు చేస్తున్న పెద్దాయన "పట్టిన చేపని మళ్ల నీళ్లల్ల ఇడుస్తవా బిడ్డా, నోటికాడి బువ్వ గదా" అన్నాడు, ఆయన బాధలో తప్పేమీ లేదు. ఇది మన నీళ్ళ చేప కూడా కాదు, 1939లో మొదట నీలగిరికి వచ్చింది, మన మైదానాల చెరువుల్లో ఉన్న రకం 1957లో బ్యాంకాక్ నుంచి తెచ్చారు. కాశ్మీర్ సరస్సుల్లో అక్కడి పాత చేపల్ని ఇదే వెనక్కి నెట్టింది. రవ్వ, బొచ్చెలాగా పారే నది కావాలనదు, నిలవ నీళ్ళలోనే నాచు మీద గుడ్లు పెట్టేస్తుంది. అందుకని నేను పాటించేది ఇది: ఎక్కడ పట్టానో అక్కడే వదులుతాను, ఇంకో వాగులోకో కుంటలోకో తీసుకుపోయి వదలను, తినడానికి సరిపడా ఒకటి ఉంచుకుంటాను, సంఘం వాళ్ళు వద్దన్న చోట ఏదీ ఉంచుకోను. వదిలే చేపని తడి చేతులతో, తడిపిన గోనె సంచి మీద పెట్టి గాలం తీయండి, మొప్పల్లో వేళ్ళు పెట్టొద్దు, నీళ్ళలో నిలబెట్టి పట్టుకుంటే అదే బలం తెచ్చుకుని పోతుంది.

తినే చేపకి బురద వాసన అని వంక పెడతారు. ఆ వాసన నీళ్ళలోని సూక్ష్మజీవుల నుంచి వస్తుంది, శుభ్రమైన నీళ్ళ తొట్టిలో రెండు మూడు రోజులు మేత లేకుండా ఉంచితే చాలావరకు పోతుంది. అంత వీలు లేకపోతే ముక్కల్ని ఉప్పు, పసుపు, నిమ్మరసంతో రుద్ది కడిగి పులుసు పెట్టండి, ఆ వాసనకి పులుపు విరుగుడు, మన చింతపండు పులుసు ఈ చేపకి సరిగ్గా సరిపోతుంది. సన్న ముళ్ళ భయముంటే చర్మం దాకా దగ్గర దగ్గరగా గాట్లు పెట్టి నూనెలో కరకరలాడేలా వేయించాలి, చిన్న ముళ్ళు వేగిపోతాయి. శుభ్రం చేసేటప్పుడు లోపల ఆకుపచ్చగా ఉండే చేదు తిత్తి పగలకుండా తీసి పారేయండి. షుగర్ కి మంచిదనో కీళ్ళనొప్పులకనో దాన్ని పచ్చిగా మింగేవాళ్ళున్నారు, బంగారు తీగదైనా రవ్వదైనా బొచ్చెదైనా అది విషం, మింగినవాళ్ళకి కిడ్నీలు దెబ్బతిని డయాలిసిస్ దాకా వెళ్ళిన కేసులున్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా అడిగితే ఇవ్వకండి.