పిల్లి తూలుతుంటే ముందు నేల చూడండి

లోపలి చెవి దెబ్బతిని బ్యాలెన్స్ తప్పిన పిల్లికి మన ఇళ్లలోని నున్నటి టైల్సే పెద్ద శత్రువు. మా పిల్లి తల ఒక పక్కకి వాల్చి, కళ్లు అటూ ఇటూ గబగబా కదులుతూ, లేచిన ప్రతిసారీ అదే పక్కకి పడిపోయేది. చిన్న గదిలో పాత యోగా మ్యాట్, దానిమీద గోనెసంచి పరిచాను. గోళ్లకు పట్టు దొరికాక నాలుగడుగులు వేసింది, ప్రాణం లేచొచ్చింది!

మంచం, కిటికీ గట్టు ఎక్కనివ్వకండి. లిట్టర్‌కి (మలమూత్రాలకి వాడే మట్టికి) అంచు తక్కువున్న ట్రే పెట్టండి. రాత్రి చిన్న లైటు వేసి ఉంచండి. చెవి సాయం తగ్గినప్పుడు కళ్లే దానికి ఆధారం. ఎత్తుకోవాల్సి వస్తే నెమ్మదిగా, ఒంటికి హత్తుకుని, నాలుగు కాళ్లకీ ఆసరా ఇచ్చి ఎత్తండి. గాల్లో వేలాడితే బెదిరిపోతుంది.

వికారంతో తిండి మానేస్తుంది. కాస్త వెచ్చచేసిన మెత్తటి తిండి వేలితో నోటి దగ్గర పెట్టండి. ఒక రోజంతా ముట్టకపోతే ఆగొద్దు, డాక్టర్‌కి చెప్పండి, కాలేయానికి ప్రమాదం. ఇంట్లో ఉన్న చెవి చుక్కలు మాత్రం సొంతంగా వేయకండి. కర్ణభేరి చిల్లుపడి ఉంటే ఇంకా చెడుతుంది.

కారణం తెలియని రకమైతే చాలావాటికి రెండు మూడు రోజుల్లో కుదుట, రెండు మూడు వారాల్లో మామూలు నడక. తల కొంచెం వంకరగా మిగిలినా హాయిగా బతికేస్తాయి.