బాక్సు మార్చినా స్టీరింగ్ ప్లే పోలేదా?

మాన్యువల్ స్టీరింగ్ ఉన్న పాత లారీల సంగతి ఇది. బాక్సు అంటే స్టీరింగ్ తిప్పుడుని చక్రాలకి పంపే గేర్ల పెట్టె. పవర్ స్టీరింగ్ కథ వేరు.

సమస్య: స్టీరింగ్ తిప్పుతుంటే ముందు చక్రం కదిలేలోపు చేతికి ఖాళీ తగులుతుంది, దాన్నే ప్లే అంటాం. హైవే మీద పక్కనుంచి బస్సు దాటిపోయినప్పుడల్లా బండిని సర్దుకుంటూ ఉండాలి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఈ ఖాళీ స్టీరింగ్ వీల్ దగ్గర 30 డిగ్రీలు దాటకూడదు. అంటే గడియారంలో 12 నుంచి 1 దాకా. అంతకు మించితే బండి తియ్యకండి.

ముందు చూడాల్సింది: బండి నేల మీదే, ఇంజను ఆపి, చక్రాలకి రాళ్లు పెట్టి, ఒక మనిషిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం ఆడించమనండి. మీరు టార్చి పట్టుకుని కిందికి దూరండి. పైన కాలమ్ (స్టీరింగ్ వీల్ కింది కడ్డీ) తిరుగుతున్నా బాక్సులోకి పోయే షాఫ్ట్ తిరగకపోతే మధ్యలో ఉన్న క్రాస్ జాయింట్ పోయింది. షాఫ్ట్ తిరిగి డ్రాప్ ఆర్మ్ (బాక్సు నుంచి కిందికి వేలాడే చెయ్యి లాంటి ముక్క) కదలకపోతే బాక్సు. డ్రాప్ ఆర్మ్ కదిలి చక్రం కదలకపోతే బాల్ జాయింట్లు. బాక్సే ఛాసిస్ మీద ఊగుతుంటే బోల్టులు లూజు, లేదా ఛాసిస్ చీలింది. చీలితే బోల్టు చుట్టూ ఎర్రటి తుప్పు గీత కనబడుతుంది. మొత్తం అయిదు నిమిషాల పని. "అన్నా, బాక్సు పోయింది, నెల్లూరు ఆటోనగర్ నుంచి కొత్తది తెచ్చా" అని ఫోన్ చేసేవాళ్లని "కింద దూరి చూశావా?" అంటే అవతల చప్పుడుండదు.

నిజంగా బాక్సే పోయిందనుకోండి. విప్పేటప్పుడు డ్రాప్ ఆర్మ్ దగ్గరే గొడవ. రొయ్యల బండ్లకయితే ఉప్పునీళ్లు కారీ కారీ ఆర్మ్, బాక్సు నుంచి బయటికొచ్చే షాఫ్ట్‌ని కరుచుకుని ఉంటుంది. ముందు ఆర్మ్‌కీ షాఫ్ట్‌కీ కలిపి పంచ్‌తో గుర్తు కొట్టుకోండి. పుల్లర్ (ఆర్మ్‌ని ఊడలాగే పనిముట్టు) బిగించి, ఆర్మ్ పక్కన సుత్తితో ఒక దెబ్బ వెయ్యండి. షాఫ్ట్ కొస మీద కొట్టొద్దు, ఆ దెబ్బ లోపలికి పోతుంది. గ్యాస్ పెట్టి కాల్చనే కాల్చొద్దు, ఆర్మ్ పదును పోతుంది. అది విరిగితే స్టీరింగే ఉండదు. బాక్సు బరువు చేతుల మీద వేసుకోకుండా కింద జాకీ పెట్టండి.

కొత్త బాక్సు వేసినా ప్లే ఉంది: నన్ను ఏడిపించింది ఇదే. బాక్సు లోపల పళ్లు సరిగ్గా నడిమధ్యన బిగువుగా, రెండు పక్కలా కాస్త ఖాళీగా ఉంటాయి. బండి తిన్నగా పోయేటప్పుడు బాక్సు కూడా నడిమధ్యన ఉంటేనే ఆ బిగువు మీకు దక్కుతుంది. డ్రాప్ ఆర్మ్ ఒక్క పన్ను తప్పితే ఏమవుతుంది? ఆర్మ్ కూర్చునే షాఫ్ట్‌కి 36 పళ్లుంటే ఒక పన్ను 10 డిగ్రీలు. బాక్సు రేషియో 20 అయితే, అంటే ఆర్మ్ ఒక డిగ్రీ కదలడానికి స్టీరింగ్ 20 డిగ్రీలు తిప్పాల్సి వస్తే, స్టీరింగ్ దగ్గర 200 డిగ్రీలు, అర చుట్టు కంటే ఎక్కువ. స్టీరింగ్ వంకరగా కనిపిస్తోందని వీల్ ఊడదీసి తిన్నగా పెట్టేస్తారు. తప్పు దాక్కుంటుంది. ప్లే ఉంది గదా అని బాక్సు పైన ఖాళీ సర్దే స్క్రూ బిగిస్తారు. అప్పుడు మలుపు తిరుగుతుంటే ఒకచోట పట్టేసి వదులుతుంది. ఆ పట్టేసే చోటే అసలు సెంటర్.

చీమకుర్తి రాళ్ల లారీ ఒకదానికి గుర్తు ప్రకారమే ఆర్మ్ వేశాను, అయినా ఇదే వరస. బాక్సు రెండోసారి దించాను. మూడో రోజు చూస్తే కుడి పక్క ముందు కట్టల (స్ప్రింగ్ పట్టీల) సెంటర్ బోల్ట్ తెగి యాక్సిల్ వెనక్కి జరిగి ఉంది. దాంతో చక్రాలు తిన్నగా ఉన్నా బాక్సు నడిమధ్యన ఉండట్లేదు. టేపు పెట్టి ముందు కట్ట పిన్ను నుంచి యాక్సిల్ దాకా రెండు పక్కలా కొలిస్తే వేలెడు మందం తేడా. అప్పట్నుంచీ టేపు లేకుండా బాక్సు ముట్టుకోను.

పరిష్కారం: డ్రాగ్ లింక్ (డ్రాప్ ఆర్మ్ నుంచి చక్రం వైపు పోయే కడ్డీ) విప్పేయండి. స్టీరింగ్‌ని మెల్లగా ఒక చివరికి తిప్పి, అక్కడినుంచి రెండో చివరికి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సగం వెనక్కి రండి. చివరల్లో గట్టిగా కొట్టకండి. చక్రాలు తిన్నగా పెట్టండి. ఇప్పుడు దేన్నీ తిప్పకుండా లింక్ వచ్చి ఆర్మ్‌లో కూర్చోవాలి. కూర్చోకపోతే ఆర్మ్ గుర్తు చూడండి, యాక్సిల్ కొలవండి, రెండూ సరే అయితే లింక్ మర తిప్పి పొడవు సర్దండి. స్క్రూ అవసరమైతే ఈ సెంటర్‌లోనే, లింక్ విప్పి ఉండగానే, పావు చుట్టు కంటే తక్కువ తక్కువగా బిగించండి.

కింగ్ పిన్నులు (ముందు చక్రం అటూ ఇటూ మళ్లే పిన్నులు), హబ్ బేరింగులు అంటారా, జాకీ మీద లేపి చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే తెలిసిపోతుంది. కాలమ్ వంగడం యాక్సిడెంట్ బండ్లకే.

ఆయిల్ పోసి, నట్లు ఊడకుండా కొత్త స్ప్లిట్ పిన్నులు వేసి, ముందు ఖాళీ మైదానంలో తిప్పండి. 100 కిలోమీటర్లు తిరిగాక బాక్సు బోల్టులు ఇంకోసారి బిగించండి. కొత్త పెయింటు నలిగి అవి లూజవుతాయి.