పిన్‌హోల్ సూర్యపెట్టె: బింబం సరిగ్గా రాకపోతే

సూర్యుడి బింబాన్ని కాగితం మీద పడేలా చేసి చూసే పెట్టె ఇది: పొడవాటి అట్టపెట్టె, ఒక చివర అల్యూమినియం ఫాయిల్‌లో సూదిబెజ్జం, రెండో చివర లోపల తెల్ల కాగితం, ఆ కాగితం కనపడేలా పక్కన చిన్న కిటికీ. ఎండకి వీపు పెట్టి నిలబడి, కాగితం మీద పడే బింబాన్నే చూడాలి. బెజ్జంలోంచి సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకండి. రెటీనాకి (కంటి లోపల వెనకవైపు ఉండే పొరకి) నొప్పి తెలియదు, దెబ్బ తగిలినా వెంటనే తెలిసిరాదు.

బింబం మరీ చిన్నగా ఉంది
చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేను మొదట చెప్పుల డబ్బాతో చేశాను. 30 సెంటీమీటర్ల దూరానికి బింబం 3 మిల్లీమీటర్లు కూడా రాలేదు. బెజ్జం పెద్దది చేస్తే సరిపోతుందనుకుని పెన్సిల్ మొనతో పొడిచాను. వెలుగు పెరిగింది గానీ బింబం అలుక్కుపోయింది. స్పష్టమైన బింబం సైజు బెజ్జానికీ కాగితానికీ మధ్య ఉన్న దూరాన్ని బట్టే ఉంటుంది. ఆ దూరాన్ని సుమారు 109తో భాగించండి: మీటరుకి 9 మిల్లీమీటర్లు, రెండు మీటర్లకి 18. పెట్టెలు అతికించి పొడవు పెంచడమే దారి.

అంచులు మసకగా ఉన్నాయి
బెజ్జం పెద్దదై ఉంటుంది, లేదా అట్టకే నేరుగా పొడిచి ఉంటారు. అట్ట పీచులు లేస్తుంది. ఫాయిల్ ముక్క అతికించి సూదితో పొడవండి. మీటరు పొడవుకి ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు చాలు. మరీ సన్నగా చేసినా కాంతి విచ్చుకుని మళ్లీ మసకే.

గుండ్రంగా రావడం లేదు
కోలగా ఉంటే కాగితం వాలి ఉంది. బెజ్జం ఆకారంలోనే పడుతుంటే దూరం చాలలేదు. దూరం చాలితే మూడుమూలల బెజ్జమైనా గుండ్రటి సూర్యుణ్ణే చూపిస్తుంది. వేపచెట్టు నీడలో గుండ్రటి వెలుగు చుక్కలు చూడండి, ఆకుల సందులు గుండ్రంగా ఉండవు కదా! అవన్నీ సూర్యబింబాలే. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

బింబం వెలవెలబోతోంది
లోపలికి వేరే వెలుగు వస్తోంది. మూలలకి టేపు వేయండి, లోపల నల్ల కాగితం అంటించండి.

అసలు దొరకడం లేదు
పెట్టె నీడను చూస్తూ తిప్పండి. నీడ బాగా చిన్నదైనప్పుడు పెట్టె సూర్యుడికి ఎదురుగా ఉన్నట్టే. నడినెత్తి ఎండలో పట్టుకోవడం కష్టం, ఉదయమో సాయంత్రమో మేలు.

సూర్యుడి మీది మచ్చలు కనపడటం లేదు
ఈ పెట్టెకి ఆ శక్తి లేదు. చిన్న అద్దానికి 5 మిల్లీమీటర్ల రంధ్రమున్న కాగితం అంటించి, బయటి నుంచి ఎండను చీకటి గదిలోకి మళ్లించండి. 10 మీటర్ల దూరంలోని గోడ మీద 9 సెంటీమీటర్ల బింబం పడుతుంది. పెద్ద మచ్చల గుంపు ఉన్న రోజైతే కనపడవచ్చు. ఆ అద్దపు వెలుగు దారిలో పిల్లల కళ్లు పడకుండా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.