కొండ పక్క ఊళ్లో ఉంటున్నారా? అడవీ మిగలాలి, మనకూ నాలుగు డబ్బులు రావాలంటే ఇలా చేయండి

భాకరాపేట, ఎర్రావారిపాళెం, మామండూరు వైపు ఊళ్లలో ఉండేవాళ్ల కోసం, అక్కడ ఏదైనా మంచి పని చేద్దామనుకునే తిరుపతి కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నా. శేషాచలం కొండల్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు, మొత్తం 4,755 చదరపు కిలోమీటర్లు. అంత అడవికి కాపలా కాయడం ఒక్క గార్డుల వల్ల అయ్యే పని కాదు. మొగిపళ్లకో (ఒక రకం అడవి నేరేడు) తేనెకో నన్నారికో కొండెక్కే యానాదులకు ఏ బండ పక్కన ఏ తీగ ఉందో తెలుసు. వాళ్లకు అడవి మీద హక్కూ, తెచ్చిన సరుకుకు తగిన ధరా దొరికితే వాళ్లే కాపాడతారు, దొరక్కపోతే మాత్రం ఇంకొకడొచ్చి తవ్వేలోపు మనమే తవ్వేసుకుందాం అన్న తొందర పుడుతుంది. నేననేది, కొండ ఖాళీ అవుతున్నది ఆ తొందర వల్లే.

ముందు మీ కొండ ఏ లెక్కలో ఉందో అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌ని అడగండి. మామూలు రిజర్వు ఫారెస్టా, లేక 1989లో ఏర్పడిన శ్రీవెంకటేశ్వర జాతీయ పార్కులో ఉందా? పార్కులో అయితే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఏదీ తీయకూడదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టంలో అడవి అంటే జాతీయ పార్కులూ అభయారణ్యాలూ కూడా వస్తాయి, కాబట్టి "పార్కులో మీకు హక్కులేంటి" అని ఎవరైనా అంటే అక్కడితో ఆగిపోకండి.

ఇక ఆ చట్టం కింద హక్కు అడిగే కాగితం పని. ఇది విసుగ్గా ఉంటుంది, అయినా దీన్ని వదిలేసి మిగతావి చేస్తే ఏదీ నిలవదు. గ్రామసభ పెట్టండి, సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. అందులోనే 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీ వేసుకోవాలి. ఫారం-ఎ ఎవరి సాగుభూమికి వాళ్లు వేసుకునేది, ఫారం-బి తేనె, గడ్డలు, చింతపండు లాంటి ఫలసాయం మీద ఊరి హక్కుకు, ఫారం-సి మీ ఊరు తరతరాలుగా వాడుకుంటున్న అడవిని మీరే కాపాడుకునే హక్కుకు. దయచేసి ఎ దగ్గరే ఆగిపోకండి, సి కూడా వేయండి, అసలు బలం అందులోనే ఉంది. కనీసం రెండు ఆధారాలు జతచేయాలి, ఊరి పెద్దలు చెప్పింది రాసి పెట్టినా ఆధారమే, పాత శ్మశానం, దేవర బండ, బావి కూడా పనికొస్తాయి. గిరిజనులు కానివాళ్లు 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉండి అడవి మీద బతికినట్టు చూపాలి. డివిజన్ స్థాయి కమిటీ కాదంటే 60 రోజుల్లో జిల్లా కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. కర్ణాటకలో బిళిగిరి రంగన బెట్టల సోలిగలు పులుల అభయారణ్యంలోనే 2011లో ఊరుమ్మడి హక్కులు తెచ్చుకున్నారు, కాబట్టి ఇది జరగని పనేం కాదు.

కాగితం కదులుతుండగానే ఒక్క సరుకుతో మొదలుపెట్టండి, అన్నీ ఒకేసారి నెత్తినేసుకోవద్దు. మన దగ్గర నన్నారి మంచిది, ఎండాకాలం తిరుపతిలో ఏ సందులో చూసినా నన్నారి షర్బతే. తీసుకునేది దాని వేరుగడ్డనే కాబట్టి అజాగ్రత్తగా తవ్వితే తీగ అక్కడితో చస్తుంది. తవ్వుకునే హక్కో అనుమతో ఉన్న కొండను నాలుగైదు ముక్కలుగా చేసుకుని ఏడాదికి ఒక ముక్కలోనే తవ్వండి, మిగతావి వదిలేయండి. తీగ మొదలును పెకలించకుండా పక్క గడ్డలు మాత్రం తీయాలి, సగం గడ్డలు మట్టిలోనే ఉండాలి, గుంట పూడ్చేసి రావాలి, చిన్న తీగల జోలికి అసలు పోవద్దు. కొమ్ముల్లా జంటగా వేలాడే కాయలు పగిలి, దూది అంటుకున్న గింజలు గాలికి ఎగిరిపోయేదాకా ఆగి తవ్వితే ఇంకా మంచిది. కొన్ని గింజలు పట్టుకొచ్చి కవర్లలో నారు పోసి, వానలు పడగానే కొండ అంచునా మీ గట్ల మీదా నాటండి. ఎవరు ఏ ముక్కలో ఎన్ని కిలోలు తెచ్చారో ఒక నోటు పుస్తకంలో రాయండి. రెండోసారి అదే ముక్కకు వెళ్లినప్పుడు గడ్డలు సన్నబడి ఉంటే ఆపేయాలి, అంతే, అక్కడ బేరాల్లేవు.

గడ్డలు పచ్చిగా దళారికి అమ్మితే కూలి గిట్టడమే గగనం. పొదుపు సంఘం ఆడవాళ్లు ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకుని షర్బత్ కాచి సీసాల్లో అమ్మితే, తక్కువ గడ్డలతోనే ఎక్కువ మిగులుతుంది. అడవికి ఊపిరి ఆడేది కూడా అప్పుడే.

తేనెకు వెళ్తే కాగడా వద్దు, పచ్చి ఆకు పొగ చాలు. పెద్ద పట్టులో తేనె ఉండేది పైన, కొమ్మకో బండకో అంటుకున్న లావుపాటి భాగంలో, కిందంతా పిల్లలే, దాన్ని వదిలేయండి. ఈతచెట్టులా కనిపించే సైకస్ బెడ్డోమీ చెట్టు పొత్తుల్ని, అంటే కంకుల్ని, మందు పేరుతో ఎవరైనా కొంటామన్నా తేవొద్దు, అది ఈ కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు.

నిప్పు సంగతి జనవరిలోనే చూసుకోవాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా బోద గడ్డి ఎండిపోయి ఒక్క బీడీ ముక్కకు అంటుకుంటుంది. 2014 మార్చిలో తిరుమల దగ్గర అంటుకున్నప్పుడు ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. కాలిబాటలకు రెండు పక్కలా గడ్డి కోసేసి ఆవులకు వేయండి.

చివరగా ఎర్రచందనం. దాని వల్ల కొండలో కనిపించిన ప్రతి మనిషినీ అనుమానంగానే చూస్తారు. అందుకని ఒంటరిగా వెళ్లకండి, గుంపుగా వెళ్లండి, ఎవరెవరు వెళ్తున్నారో ముందే బీట్ ఆఫీసర్‌కి చెప్పండి, గడ్డపార తప్ప గొడ్డలి పట్టుకోకండి. లోపల తెలియని మనుషులు దుంగలతో కనబడితే ఎదురెళ్లొద్దు, మాట్లాడొద్దు, కిందికి దిగొచ్చాక ఫోన్ చేయండి.