ఫుట్‌బాల్ క్లబ్బుల లెక్కలు చదువుదాం – 4వ పాఠం: ఆ డబ్బు ఏ ఏడాదిది?

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ క్లబ్బులు మూడేళ్ళలో ఎంత నష్టం దాకా పోవచ్చో చెప్పే 105 మిలియన్ పౌండ్ల పరిమితిలోకి ఈసారి నేరుగా వెళ్దామనుకున్నాను. కానీ పోయిన పాఠం చివర ఇచ్చిన చిన్న లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక, ముందు అది తేల్చకుండా ముందుకు వెళ్ళలేమని తెలిసిపోయింది. లెక్క గుర్తుంది కదా: ఒక క్లబ్బు ఒక ఆటగాణ్ణి 50 మిలియన్లకు, ఐదేళ్ళ కాంట్రాక్టు మీద కొంది, మూడేళ్ళు ఆడించుకుని 30 మిలియన్లకు అమ్మేసింది. లాభమా, నష్టమా? ఎక్కువమంది 20 మిలియన్ల నష్టం అన్నారు. సరైన జవాబు 10 మిలియన్ల లాభం.

తప్పు మీది కాదు. పోయినసారి తరుగుదల గురించి పేజీలకు పేజీలు చెప్పి, అమ్మకం సంగతి ఒక్క వాక్యంలో ముగించేశాను. ఇప్పుడు నిదానంగా చూడండి. 50ని ఐదేళ్ళకు పంచితే ఏడాదికి 10 ఖర్చు. మూడేళ్ళు గడిచేసరికి 30 ఖర్చయినట్టు పుస్తకాల్లో రాసేశారు, అది ఆ మూడేళ్ళ లెక్కల్లో కలిసిపోయింది, దాన్ని మళ్ళీ లెక్కపెట్టకూడదు. ఇక మిగిలిన బుక్ వాల్యూ, అంటే ఇంకా ఖర్చుగా రాయని ధర, 20. 30కి అమ్మారు కాబట్టి 10 లాభం, అదంతా అమ్మిన ఏడాదిలోనే పడుతుంది. అంటే కొన్న ధర ఏడాదికింత చొప్పున పడుతుంది, అమ్మిన లాభం మాత్రం ఒక్కసారే పడుతుంది. స్థలం అమ్మినా బండి అమ్మినా మనం కొన్న ధరను, అమ్మిన ధరను పక్కపక్కన పెట్టి చూసుకుంటాం కదా, ఆ అలవాటే ఇక్కడ ముంచుతోంది.

అదే, క్లబ్బు సొంత శిక్షణ కేంద్రమైన అకాడమీలో పెరిగిన కుర్రాడైతే అతనికి కొన్న ధరే లేదు, బుక్ వాల్యూ సున్నా. ఎంతకు అమ్మితే అంతా లాభమే. చిన్నప్పటినుంచి ఆ ఊళ్ళోనే, ఆ జెర్సీతోనే పెరిగిన పిల్లల్ని క్లబ్బులు ముందుగా బేరానికి పెడుతున్నది ఇందుకే, ఈ రూళ్ళలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది కూడా ఇదే.

నా పద్ధతి ఒకటి చెప్తాను. ఎక్సెల్ జోలికి వెళ్ళను. పొడుగు నోటుబుక్కు అడ్డంగా తిప్పి మూడు కాలమ్‌లు గీస్తాను, ఒక్కో కాలమ్ పైన "జులై 1 – జూన్ 30" అని ఎర్ర ఇంకుతో రాస్తాను. ఒక అంకె చేతికి రాగానే కూడికలోకి దిగను, ముందు అది ఏ కాలమ్‌లోదో తేలుస్తాను. తేలకపోతే ఆ అంకెను మార్జిన్‌లో పెట్టి వదిలేస్తాను.

పరిమితి సంగతి తేలికే. 2025-26 సీజన్ దాకా ఉన్న రూలు ప్రకారం మూడేళ్ళకు కలిపి నష్టం 15 మిలియన్లు దాటకూడదు, ఓనర్లు షేర్ల రూపంలో సొంత డబ్బు పెడితే 105 దాకా. అంటే ప్రీమియర్ లీగ్‌లో ఉన్న ఏడాదికి 35. కింది డివిజన్ ఛాంపియన్‌షిప్‌లో గడిపిన ఏడాదికి 13 మాత్రమే. ఇంతే.

ఇక అసలు చిక్కు. ఇది మాత్రం ఎన్నిసార్లు చెప్పినా చాలదనిపిస్తుంది, ఎందుకంటే రాసేవాళ్ళూ మాట్లాడేవాళ్ళూ అందరూ "ఈ సమ్మర్ విండోలో ఇంత పెట్టారు, ఇంత రాబట్టారు" అని ఒక్క ముద్దగా చెప్పేస్తారు. సమ్మర్ విండో, అంటే ఆటగాళ్ళను కొనడానికీ అమ్మడానికీ తెరిచే వేసవి గడువు, ఒక్క ఏడాదిది కాదు! చాలా క్లబ్బుల లెక్కల ఏడాది జూన్ 30తో ముగుస్తుంది (ఆర్సెనల్, లివర్‌పూల్ లాంటివాటికి మే 31). జూన్‌లో అమ్మితే పాత ఏడాదిలో పడుతుంది, జులైలో అమ్మితే కొత్త ఏడాదిలో పడుతుంది. విండో ఒకటే, పుస్తకాలు రెండు.

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కేసు తీసుకోండి. 2022లో ఛాంపియన్‌షిప్ నుంచి ప్రీమియర్ లీగ్‌లోకి పైకొచ్చిన క్లబ్బు. 2023 జూన్ 30తో ముగిసిన మూడేళ్ళలో రెండేళ్ళు ఛాంపియన్‌షిప్, ఒక ఏడాది ప్రీమియర్ లీగ్. పరిమితి 13+13+35, అంటే 61 మిలియన్లు, మీరు చాలామంది రాసినట్టు 105 కాదు. పరిమితి కంటే 34.5 ఎక్కువ నష్టం తేలింది. అకాడమీలో పెరిగిన బ్రెనన్ జాన్సన్‌ను టాటెన్‌హామ్‌కు దాదాపు 47.5 మిలియన్లకు అమ్మారు. బుక్ వాల్యూ సున్నా కాబట్టి 34.5 గుంట పూడి ఇంకా మిగలాలి. కానీ అమ్మింది 2023 సెప్టెంబరు 1న. రెండు నెలలు ఆలస్యం. ఆ డబ్బు అక్షరాలా పక్క కాలమ్‌లో పడింది.

ఆగినందువల్లే మంచి ధర వచ్చింది, జూన్‌లో తెగనమ్ముకోవాలా అన్నది క్లబ్బు వాదన. అందులో న్యాయం లేదని నేను అనను, దుకాణం నడిపే ఎవరైనా అదే చేస్తారు. కానీ కేసు విన్న స్వతంత్ర కమిషన్ ఒప్పుకోలేదు. మిగతా క్లబ్బులన్నీ అదే తేదీకి తలవంచి ఆటగాళ్ళను వదులుకున్నప్పుడు ఒక్కరికి సడలించడం కుదరదు కదా. 2024 మార్చిలో లీగ్ పట్టికలో ఫారెస్ట్‌కు 4 పాయింట్లు పోయాయి, ఆరు పోవాల్సింది, విచారణకు సహకరించినందుకు రెండు తగ్గించారు. అదే ఏడాది జూన్ చివరి రోజుల్లో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. న్యూకాజిల్ తన అకాడమీలో పెరిగిన ఎలియట్ ఆండర్సన్‌ను అమ్మేసింది, కొన్నది అదే ఫారెస్ట్. ఎవర్టన్, ఆస్టన్ విల్లా ఒకరి కుర్రాణ్ణి ఒకరు కొనుక్కున్నాయి: డాబిన్ అటు, ఇరోగ్‌బునమ్ ఇటు. కాలమ్‌లు గీసి చూస్తే ఆ హడావుడి మొత్తం అర్థమవుతుంది: లాభం ఇప్పుడే పూర్తిగా పడుతుంది, కొన్న ఖర్చు మాత్రం ఏళ్ళ తరబడి పంచుకోవచ్చు.

ఎవర్టన్ మీద మొదటి కేసు తేదీది కాదు. పరిమితి 105 అయితే నష్టం 124.5 తేలింది, 19.5 ఎక్కువ. 2023 నవంబరులో 10 పాయింట్లు కోసి, అప్పీల్లో 6కి తగ్గించారు. అక్కడి గొడవల్లో ఒకటి కొత్త స్టేడియం అప్పు మీద వడ్డీని ఎక్కడ రాయాలన్నది. ఏ ఖర్చు కలపాలి, ఏది తీసేయాలి అన్నది వచ్చే పాఠంలో.

మాంచెస్టర్ సిటీ 115 ఆరోపణల సంగతి చాలామంది అడిగారు. 2023 ఫిబ్రవరిలో మోపిన ఆ ఆరోపణలు వేరే రకం. అక్కడ ప్రశ్న కూడికది కాదు, క్లబ్బు లీగ్‌కు ఇచ్చిన అంకెలు నిజమైనవేనా అన్నది. క్లబ్బు అవన్నీ ఖండించింది. ఈ నోటుబుక్కు పద్ధతితో తేలే వ్యవహారం కాదు.

మరొకటి, శిక్షంటే పాయింట్ల కోతే అనుకోకండి. హైదరాబాదులో 1971లో మొదలైన వెంకటేశ్వర హేచరీస్ కుటుంబం చేతిలో 2010 నుంచి ఉన్న బ్లాక్‌బర్న్ రోవర్స్‌కు 2014 డిసెంబరులో కింది డివిజన్ రూళ్ళ కింద పడింది ఆటగాళ్ళ కొనుగోళ్ళ మీద నిషేధం. అప్పుడు అదే దెబ్బ తిన్న క్లబ్బుల్లో ఫారెస్ట్ కూడా ఉంది.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను, ఒక ఆదివారం కేటాయించండి. 2023 జనవరి 31న చెల్సీ ఎంజో ఫెర్నాండెజ్‌ను 106.8 మిలియన్ పౌండ్లకు, ఎనిమిదిన్నరేళ్ళ కాంట్రాక్టుతో తీసుకుంది. ఆ జూన్ 30 నాటికి ఎంత ఖర్చు పడింది? (ఏడాది మొత్తం రాస్తే తప్పే, అయిదు నెలలే.) ఆ తర్వాత నిండు ఏడాదికి ఎంత? ఊహకు, 2026 జూన్ 30న 60 మిలియన్లకు అమ్మారనుకోండి, లాభమా నష్టమా? ఇప్పుడు అదే లెక్క అయిదేళ్ళకు మించి పంచకూడదన్న తర్వాతి రూలుతో మళ్ళీ చేయండి. రెండు జవాబులు ఒకదానికొకటి ఎదురుగా వస్తాయి, ఒకటి నష్టం, ఒకటి లాభం. అలా రాకపోతే నెలలు తప్పుగా లెక్కపెట్టారన్నమాట. జవాబుతో పాటు కాలమ్‌లు గీసిన కాగితం ఫొటో కూడా పంపండి, తప్పు ఏ కాలమ్‌లో జరిగిందో చూసి చెప్తాను.