చిన్న చేపల తూకం – 3వ పాఠం: కాటా ఎంచుకోవడం

గత పాఠంలో చేప పొడవు కొలవడం నేర్చుకున్నాం. ఈసారి బరువు. అమెరికా చెరువుల్లో గాలానికి పడే బ్లూగిల్, క్రాపీ, ఎల్లో పెర్చ్ లాంటి పెనంలో పట్టేంత చేపల్ని అక్కడ పాన్‌ఫిష్ అంటారు. చాలామంది వీటిని కూడా పెద్ద బాస్, క్యాట్‌ఫిష్ కోసం కొన్న 50 పౌండ్ల కాటాకే తగిలిస్తారు. తూకం చెడేది అక్కడే.

బాగా కండపట్టిన బ్లూగిల్ ఆరు అంగుళాలుంటే దాదాపు 73 గ్రాములు తూగుతుంది, ఎనిమిది అంగుళాలుంటే 190, పది అంగుళాలుంటే 400. 1950లో అలబామాలోని కెటోనా చెరువులో పడిన ప్రపంచ రికార్డు బ్లూగిలే 4 పౌండ్ల 12 ఔన్సులు, అంటే 2.15 కిలోలు. కాబట్టి మనకు అర కిలో నుంచి కిలో వరకు తూచే కాటా సరిపోతుంది.

కొనేటప్పుడు గరిష్ఠ బరువు కన్నా ముందు ఒక్కో గీత ఎన్ని గ్రాములో చూడండి. పది గ్రాముల మెట్టున్న కాటా 74 గ్రాముల చేపను 70 అంటుంది, 76 గ్రాముల చేపను 80 అంటుంది. రెండు గ్రాముల తేడా పదైపోయింది! మీరు తూచే అతి చిన్న చేప బరువును 50తో భాగించండి. గీత అంతకు మించకూడదు. 73 గ్రాముల చేపకైతే ఒక గ్రాము గీత కావాలి. అయితే తెర మీద ఒక గ్రాము మెట్టు కనిపించినంత మాత్రాన తూకం గ్రాముకు కచ్చితమని కాదు, ఆ రెండూ వేరు.

గొట్టం ఆకారపు స్ప్రింగ్ కాటా ఈ పనికి చాలా నమ్మకమైనది. పెసోలా అనే కంపెనీ రకంలో 100 గ్రాముల దానికి గీత 1 గ్రాము, 300 దానికి 2, 500 దానికి 5. బ్యాటరీ గొడవ లేదు, మంచు మీద చేపలు పట్టే మిన్నెసోటా చలిలోనూ పనిచేస్తుంది. పై రింగు పట్టుకుని నిటారుగా వేలాడనివ్వాలి, గీతను కంటికి సూటిగా పెట్టుకుని చదవాలి. కిందనుంచో పైనుంచో చూస్తే ఒక గీత అటూ ఇటూ అవుతుంది.

డిజిటల్ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. కొన్ని కాటాలు సున్నా దగ్గర నెమ్మదిగా పెరిగే బరువును లెక్కలోకి తీసుకోవు, మళ్లీ సున్నాకే లాక్కుంటాయి. ఇంకొన్ని చేప కొట్టుకునేటప్పుడే అంకెను బిగించేస్తాయి. ఔన్సుల విషయంలోనూ జాగ్రత్త: తెర మీద 0.75 పౌండ్ అంటే 12 ఔన్సులు, 7.5 కాదు. గ్రాముల్లోనే రాసుకుంటే ఈ తికమక ఉండదు. వంటింటి కాటా ఒక గ్రాము చూపుతుంది, చవక కూడా. కానీ తడి తగలకూడదు, గాలి తగలకూడదు, కింద బల్ల సమంగా ఉండాలి.

చేపను కొక్కేనికి నేరుగా తగిలించకండి. క్రాపీ నోరు కాగితంలా పలచన, చిరిగిపోతుంది. తడిపిన వల సంచిలో వేసి తూచండి. సున్నా సరిచేసేది పొడి సంచితో కాదు, తడి సంచితో. నాలుగైదు చేపల తర్వాత మళ్లీ ఖాళీ సంచి తగిలించి చూడండి. జిగురు, నీరు పేరుకుని సున్నా జరిగి ఉంటుంది. ఊగే పడవలో అంకె పైకీ కిందికీ ఆడుతుంది, ఒడ్డుకు వచ్చి తూచండి. రికార్డు కోసమైతే ఇది తప్పనిసరి: గాలపు చేపల రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం, ఒడ్డున తూచకుండా నీటి మీదే తూచిన బరువును ఒప్పుకోదు, ధ్రువీకరించిన కాటా కావాలంటుంది.

ఇంటిపని: కొత్త కాటాను నికెల్ నాణేలతో పరీక్షించండి. అమెరికా ఐదు సెంట్ల నాణెం సరిగ్గా 5 గ్రాములు. సంచి తగిలించి సున్నా చేసి, ఒక్కొక్కటే నెమ్మదిగా 40 నాణేలు వేయండి. 10 నాణేలకు 50, 20కి 100, 40కి 200 రావాలి. మొదట్లో ఏమీ కదలక తర్వాత ఒక్కసారిగా దూకితే, లేదా 200 దగ్గర రెండు గ్రాములకు మించి తేడా ఉంటే, ఆ కాటాను తిరిగి ఇచ్చేయండి. ఇదే పరీక్ష మంచుపెట్టెలో గంట ఉంచిన కాటాతో మరోసారి చేసి, రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. వచ్చే పాఠంలో ఈ బరువుకు పొడవు జోడించి చేప బక్కదో బలిసిందో లెక్క కడదాం.