డీలక్స్ డబ్బా కొనేముందు చెవికి పని చెప్పండి

ఎనభైల్లో హన్మకొండ చౌరస్తా దగ్గర నాది క్యాసెట్లలో పాటలు ఎక్కించి ఇచ్చే చిన్న దుకాణం. ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ పిల్లలు ఎక్కడెక్కడి నుంచో ఎల్పీలు, అంటే పెద్ద గ్రామఫోన్ డిస్కులు, తెచ్చి నా చేతిలో పెట్టేవాళ్లు. బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ బ్యాండ్లు నాకు పరిచయమైంది అట్లాగే. మాటలు సగం అర్థమయ్యేవి కావు, సౌండ్ మాత్రం పట్టేసింది. ఇప్పుడు ఆ పిల్లలకూ జుట్టు నెరిసింది. ఫోన్ చేసి, "అన్నా, యాభై ఏళ్ల డీలక్స్ సెట్ వచ్చింది, పదిహేను వేలంటున్నాడు, తీసుకోవాలా?" అని అడుగుతారు. డీలక్స్ సెట్ అంటే పాత ఆల్బమ్‌నే సౌండ్ సర్ది, బోనస్ పాటలు కలిపి పెద్ద డబ్బాలో మళ్లీ అమ్మడం. పాత డిస్కులో వినపడనిది ఇందులో ఏమన్నా వినపడుతుందా అన్నది తేలాకే పైసలు తీయమంటాను.

ముందు స్టిక్కర్ చదవండి. రీమాస్టర్ అంటే ఎప్పుడో కలిపేసిన పాటనే తీసుకుని సౌండు, బేస్ సర్దడం. వండిన కూరలో ఉప్పు సరిచేసినట్టు. రీమిక్స్ అంటే గొంతు, గిటారు, డ్రమ్స్ విడివిడిగా ఉన్న టేపుల దాకా వెనక్కి వెళ్లి మళ్లీ వండటం. బీటిల్స్ ఆల్బమ్ సార్జంట్ పెప్పర్‌ను 1967లో నాలుగు ట్రాకుల మెషిన్ల మీద చేశారు, అంటే ఒక టేపు మీద నాలుగు సౌండ్లే విడివిడిగా పడతాయి. నాలుగూ నిండితే వాటిని ఇంకో టేపులో ఒకటి రెండు ట్రాకుల్లోకి దించి, మిగిలిన చోటులో కొత్తవి ఎక్కించేవాళ్లు. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కిస్తే సౌండ్ ఎట్లా మసకబారుతుందో నాకు బాగా తెలుసు. 2017లో బీటిల్స్ ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ ఆ దించకముందు టేపులనే వాడి రీమిక్స్ చేశాడు. అందుకే అది వేరేగా వినపడుతుంది.

తర్వాత బోనస్ పాటలు. ఆ 2017 సెట్‌లోనే స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్ అనే పాట ఏడో టేకు, ఇరవయ్యారో టేకు (టేకు అంటే స్టూడియోలో ఒకసారి పాడి రికార్డు చేసింది) వేర్వేరుగా ఉన్నాయి. రెండింటికీ శ్రుతి వేరు, వేగం వేరు. జార్జ్ మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ టేపు వేగం మార్చి, మొదటి నిమిషం దగ్గర రెండింటినీ అతికించారు. ముందు రెండు టేకులూ విని, తర్వాత అసలు పాట వేసి ఆ అతుకు ఎక్కడుందో పట్టుకోండి. నేను ఒక రాత్రంతా అదే పని చేశాను. అభిమానికి ఇట్లాంటిది దొరికితే ధర గురించి నేను వాదించను.

అన్ని సెట్లూ ఇట్లా ఉండవు. పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ 2011 పెద్ద డబ్బాలో గోటీలు, స్కార్ఫ్, గ్లాసు కింద పెట్టే అట్టలు పెట్టారు. మన ఎండలకు మెడకు స్కార్ఫా! అందులో ఉన్న 1974 లండన్ వెంబ్లీ కచేరీనే 2023 డబ్బాలో మళ్లీ ఇచ్చారు. మీ దగ్గర పాతది ఉంటే రెండోసారి కట్టినట్టే. అందుకని రెండు సెట్ల పాటల జాబితాలు పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఈ కొత్త సెట్లలోని పాటలు చాలావరకు ఫోన్ యాప్‌లలోనే ఉంటాయి. అక్కడే పాతదీ కొత్తదీ మార్చి మార్చి వినండి. అయితే ముందు గాయకుడి గొంతు రెండింటిలో ఒకే ఎత్తులో వినపడేలా వాల్యూమ్ సర్దుకోవాలి. గట్టిగా మోగేదే బాగుందని చెవి మోసపోతుంది. సర్దాక కొత్తదాంట్లో డ్రమ్ దెబ్బ ఎగిసిపడకుండా అన్నీ ఒకే మట్టంలో రుద్దినట్టుంటే వదిలేయండి.

ఎల్పీ అయితే ఎండాకాలంలో తెప్పించకండి. నేనొకసారి మే నెలలో తెప్పిస్తే డిస్కు అప్పడంలా వంగి వచ్చింది. సీలు తీశారు కాబట్టి వాపసు లేదన్నారు. దసరా దాటాక ఆర్డర్ పెట్టి, విప్పేటప్పుడు వీడియో తీయండి. డిస్కులు ఒకదానిమీద ఒకటి పేర్చకుండా, ఎండకు వేడెక్కే పడమటి గోడకు దూరంగా నిలబెట్టండి. మా ఇంట్లో అవి బీరువాలో పట్టుచీరల పక్కన ఉన్నాయి. అక్కడ చోటివ్వడానికి మా ఆవిడకు రెండేళ్లు పట్టింది.